నారతాడు కట్టిన సీసా

మీ తాత కెమెరా తెచ్చావు, బాగుంది ఇతిశ్రీ,
ముందు దాని వెనక తలుపు తీసి వెలుగుకేసి పట్టు.
లెన్సులో సాలెగూటి పోగులా ఏదైనా కనిపిస్తే
అది బూజు.
గుణుపురం వానాకాలం అద్దాన్ని కూడా వదలదు.
గుప్పెడు బియ్యం దోరగా వేయించి, గుడ్డలో మూటకట్టి
కెమెరాతో పాటు డబ్బాలో పెట్టు,
వారానికోసారి మళ్ళీ వేయించు.
మూట మీద గుర్తు పెట్టుకో.
మా ఆవిడ ఒకసారి అత్తెసరు పెట్టేసింది.

డార్క్‌రూమ్ అంటే పెద్ద గదేం అక్కర్లేదు.
నాది మెట్లకింద బొగ్గుల కొట్టు.
తలుపు సందుల్లో పాతచీర కుక్కి
లోపల ఇరవై నిమిషాలు ఊరికే కూర్చో.
అసలు చిల్లులు అప్పుడు కనిపిస్తాయి.
ఎర్రబల్బుని నమ్మకు.
కాగితం మీద పావలా బిళ్ళ పెట్టి, మూడొందలు లెక్కపెట్టి
బిళ్ళ తీసేసి, కాగితం డెవలపర్లో ముంచు.
గుండ్రంగా తెల్లమచ్చ మిగిలితే
బల్బు దొంగది.

నీళ్ళ సంగతి.
వంశధార పొంగితే కుళాయిలో వచ్చేది ఎర్రమట్టి.
చిల్లగింజ అరగదీసి, రాత్రంతా తేరనిచ్చి
పైనీళ్ళు వంచుకుని, కాచి చల్లార్చాలి.
లేకపోతే పెళ్ళికూతురి బుగ్గమీద ఇసకరేణువు
పుట్టుమచ్చయి కూర్చుంటుంది.
కూర్చుంది కూడా.
అత్తవారు ఆ మచ్చకోసం ఆర్నెల్లు వెతికారట.

ఎండాకాలం డెవలపర్ సీసాని
కుండనీళ్ళలో మెడదాకా దించు.
మా మాస్టారు బెహరా నరసింగరావుగారికి థర్మామీటరు లేదు,
చంటిపిల్లకి లాలపోసే ముందు చూసినట్టు
మోచెయ్యి ముంచేవారు.
"ఒళ్ళు జల్లుమనాలి, వణక్కూడదు" అనేవారు.
నువ్వు థర్మామీటరు కొనుక్కో.
ఆ మోచెయ్యి ఆయనతోనే పోయింది.

నిమిషానికి నాలుగుసార్లు డబ్బా తిరగెయ్యి,
ఆపినప్పుడు బల్లమీద ఒక్కసారి తట్టు, బుడగలు వదుల్తాయి.
గడియారం కొనలేని రోజుల్లో దండాసీ నేనూ
చిన్నరైలు కూతని పట్టుకుని లెక్కపెట్టేవాళ్ళం.
నౌపడా బండి ఏనాడు వేళకొచ్చింది కనక!
ఆనాటి నెగటివులన్నీ నలుపెక్కి ఉంటాయి,
ఈ బీరువా తీస్తే నీకే తెలుస్తుంది.

రోలు పొదుపుగా ఎక్కిస్తే
ముప్పయ్యారు అయ్యాక ఇంకొకటి పడుతుంది.
డబ్బామీద రాయరు, డబ్బులడగరు.
నలుగురాడపిల్లల తరవాత ఇక చాలని
మీ నాన్న నీకాపేరు పెట్టాడు, ఎరుగుదును.
ఇరవయ్యొకటో రోజు ఏకోయిషాకి ఫొటో తీసింది నేనే.
మీ అక్కలు కదిలి కదిలి రోలంతా తినేశారు.
నువ్వు
ముప్పయ్యేడో దాంట్లో పడ్డావు.

సరే, అసలు మాట చెప్తాను.
హైపో సీసా మెడకి నారతాడు కట్టు.
రెండు సీసాలూ ఒకే ఎత్తు, ఒకే బరువు.
కరెంటు పోతే పైనున్న రాతలు ఎందుకూ కొరగావు,
వేళ్ళకి ముడే అక్షరం.
నాకిది ఎవరూ చెప్పలేదు.
పర్లాకిమిడిలో లుకలాపువారి పెళ్ళి,
రెండు రాత్రుల నిద్ర బాకీ,
ముందు హైపో పోశాను.
తీసి చూస్తే రోలు కడిగిన గాజుపలక.
పీటలమీద ఎవరూ లేరు. పందిరి లేదు.
కుర్చీ తెప్పించి, కొంగు సర్ది
గడ్డం కాస్త ఎత్తమ్మా అని నేనే బతిమాలిన ముసలమ్మ లేదు.
పదకొండు రోజులకి ఆవిడ నిజంగానే లేదు.
మామ్మ ఫొటో వచ్చిందా అని పెళ్ళికొడుకు నాలుగుసార్లు తిరిగాడు.
కెమెరా పాడైందన్నాను.

కెమెరా పాడవలేదు, ఇతిశ్రీ.
మంచి కెమెరా.

ఇక రీలుకి చుట్టడం.
బొంతకింద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని
యాభైసార్లు చుట్టాలి, విప్పాలి,
ముందు ఎందుకూ పనికిరాని రోలుతో.
ఇదిగో, ఇది తీసుకో.
అంచులే పట్టుకో, మధ్యలో ముట్టుకోకు.
ముట్టుకున్నా పోయేదేం లేదనుకో,
అయినా
ముట్టుకోకు.