కీ ఇచ్చే కోతి

రాత్రి పన్నెండున్నర.
నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో, బ్యాటరీల కొట్టు మేడమీద,
నలభై ఏడేళ్ళ మనిషిని,
ఒక రేకు కోతి టోపీ ఎరుపా పసుపా అని
ఫోన్లో కొట్లాడుతున్నాను.

అవతల కందుకూరు. మాలకొండయ్య.
కాలేజీలో ల్యాబ్ అటెండరు.
పగలంతా పిల్లలకి యాసిడ్ చుక్కలు లెక్కపెట్టి పోస్తాడు,
రాత్రి నాకు లెక్కలేకుండా.

"రంగేసి అమ్ముకునే బాపతు నువ్వు" అన్నాను.
"కొనలేనోడికి కళ్ళు మంట" అన్నాడు.
మిగతా ముప్పైమందీ
ట్యూబ్‌లైటు చుట్టూ బల్లుల్లా గమ్మునున్నారు,
ఎవరు పురుగైతే వాళ్ళని మింగడానికి.

మావోళ్ళంతా అట్టాంటోళ్ళే.
పొదలకూరు నిమ్మకాయల మండీ గుమాస్తా పెంచలరత్నం
చిన్న కార్లని అట్టపెట్టె విప్పకుండా దాస్తాడు.
విప్పి నేలమీద దొర్లించినవాడు
ఆయన లెక్కలో హంతకుడు.

గూడూరు నర్సు ప్రభావతమ్మ
బుల్లి ఇత్తడి గిన్నెలో నిజంగానే
చిటికెడు బియ్యం వండి ఫొటో పెట్టింది ఒకసారి.
అడుగున మసి చూసి
"పాడు చేశావు కదమ్మా పీసు" అని
పద్నాలుగు మందిమి పడ్డాం ఆమె మీద.
మాట్లాడకుండా వెళ్ళిపోయింది.
వెళ్ళాక, పొగరన్నాం.

ఆ కోతిని నేను మొదట చూసింది
రొట్టెల పండగ దుకాణాల్లో.
కీ తిప్పితే తాళాలు వాయిస్తా పళ్ళికిలించింది.
ఏడ్చాను. నేలమీద పడి దొర్లాను.
నాన్న డబ్బుల్లేవని చెప్పలేదు.
"నోరు ముయ్" అన్నాడు.
కోతి ఇంటికి రాలేదు, ఆ మాట వచ్చింది.
నలభై ఏళ్ళుగా
అట్ట నలగకుండా, రంగు వెలవకుండా
నా దగ్గరే ఉంది.
మొన్న తీసి మాలకొండయ్యకి పంపించాను.

అసలు సంగతి చెప్పలేదు కదూ,
కోతి అతని దగ్గరుంది.
దాని కీ నా దగ్గరుంది,
కావలిలో పాత ఇనుము తూకంలో దొరికింది.
మూడుసార్లు అడిగాడు.
పెన్నలో పారేస్తాగానీ నీకియ్యనన్నాను.
చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను.
ఎదురుగా కూర్చున్నవాడికి టీ పోస్తున్నా
గుండెకాడ గుచ్చుకునేది.

ఒక ఆదివారం పొద్దున్నే
ఎందుకెక్కానో తెలీదు, కందుకూరు బస్సెక్కాను.
ఫోన్లో అంత గొంతున్న మనిషి
తలుపు తీస్తే నా భుజం దాకా ఉన్నాడు.
చిరుగు బనీను. "యాడనించి?" అన్నాడు.
చెప్పాను.
కాసేపు ఇద్దరం నా చెప్పుల వంక చూశాం.

కోతిని తెచ్చి బల్లమీద పెట్టాడు.
"గీక్కో" అన్నాడు.
గోటితో టోపీ అంచు గీకాను.
పసుపు కింద ఎరుపు లేదు.
పసుపు కింద వట్టి రేకు,
రేకుమీద తలకిందులుగా అరిగిన అక్షరాలు.
వేరుశెనగ నూనె. రెండు కిలోలు.

ఎవడో, ఎక్కడో, ఖాళీ డబ్బా కత్తిరించి
ఆ పూటకి చేతికందిన రంగేసి పంపాడు దీన్ని.
దీనికోసం మేం నాలుగేళ్ళు
అమ్మల దాకా వెళ్ళాం.

కీ తీసి వెన్నులో పెట్టాను. పట్టింది.
అతను తిప్పాడు.
టంగ్. టంగ్.
మూడోసారికి చేతులెత్తి అట్టాగే నిలబడిపోయింది.
"ఎక్కువ తిప్పావు."
"నీ కీ వంకర."
లోపల ఎవరో నిద్రపోతున్నారని
చానా మెల్లగా పోట్లాడుకున్నాం.
మధ్యలో మజ్జిగ ఇచ్చాడు.
కీ అక్కడే ఉండిపోయింది.
ఇచ్చానో, మర్చిపోయానో.

తిరుగు బస్సు సింగరాయకొండ చేరకముందే
జేబులో ఫోను వణికింది.
"తుప్పు కీ తెచ్చి స్ప్రింగు తెంపి పోయాడు."
అప్పటికే అందరూ చూసేశారు.
సగం మంది నా వైపు, సగం అతని వైపు.
టైపు చెయ్యబోతే
గోటిసందులో పసుపు పొడి.

ఆపి, ప్రభావతమ్మ నంబరు వెతికాను.
పేరు కూడా రాసుకోలేదు నేను.
"గూడూరు ఇత్తడి" అని ఉంది.
ఆ చిటికెడు బియ్యం ఉడికాయా అమ్మా,
ఎవరు తిన్నారు అని అడగాలి.
బస్సు కావలి దాటింది.
ఇంకా అడగలేదు.