నీళ్ల వంతు

అలమైన్ ఎడారిలో తెల్లారకముందే
మబ్రూక్ పైపు విప్పుతాడు.
ముందు నాలుగో వరుసకి.
అక్కడో పంతొమ్మిదేళ్లవాడున్నాడు,
దాహంతో పోయాడని ఎవరో చెప్పారట.

ఆ పేరు చదవడం రాదు మబ్రూక్‌కి.
అక్షరాల్లో చేరిన ఇసుకని
చిటికెనవేలితో తీస్తాడు,
పిల్లాడి చెవి శుభ్రం చేసినట్టు.

ఒకసారి వాడి చెల్లెలి మనవరాలు వచ్చి
కాగితం పువ్వు గుచ్చి వెళ్లింది.
మధ్యాహ్నానికే గాలి దాన్ని
కంచెకి తగిలించింది.

కంచె అవతల
వీళ్లు పాతిపెట్టి మరిచిన మందుపాతరలు
ఇంకా మేలుకునే ఉన్నాయి.
మబ్రూక్ అన్న సాలెం
తప్పిపోయిన మేక వెనక పరిగెత్తి
ఒంటికాలితో తిరిగొచ్చాడు.
మేక రానేలేదు.

"వీళ్లకా నీళ్లు?" అంటాడు సాలెం రోజూ,
గోడ నీడలో కూర్చుని.
అంటూనే
పైపు మెలిక పడితే
చంకకర్రతో సరిచేస్తాడు.