రెండు ఫ్రేములు తక్కువ

ఫ్లీట్‌వుడ్‌లో వాన నిలువుగా పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి చెవిలో దూరుతుంది.
ఆ వానలో, ఆల్బియన్ సినిమా వెనక ఇనుపమెట్ల మీద
ప్రతి బుధవారం డబ్బాలు మోసేదాన్ని.
సినిమా ఒక డబ్బాలో, బుద్ధిగా.
ప్రకటనలు ఇంకో డబ్బాలో,
అలిగి పుట్టింటికి పోయే మనిషి సర్దిన పెట్టెలా.

బాంబర్ మూత తీసి ముందు వాసన చూసేవాడు.
"ప్రెస్టన్‌లో ఎవడో దీని మీద పెట్టుకుని టీ తాగాడు," అనేవాడు.
నిజమే, గుండ్రటి మరక.

తివాచీల కొట్టాయన అరుస్తాడు, మీట నాలుగుకి దించు.
వెంటనే పళ్ళపొడి పిల్ల గుసగుసలాడుతుంది, తొమ్మిదికి ఎత్తు.
మధ్యలో నీకు దొరికేది ఒక దగ్గు దగ్గేంత సేపు.
ఉంగరాల కొట్టు దంపతులొచ్చేసరికి
గడ్డాలు తెర పైన, నుదుళ్ళు తెర కింద.
గుండీ తిప్పి ఎవరి ముఖం వాళ్ళకి అప్పగించేలోపు
పెళ్ళయిపోతుంది.

"చెడ్డదాన్ని మంచిది చెయ్యడం మన పని కాదమ్మాయ్," అనేవాడు.
"అదెంత చెడ్డదో అంతే చూపించాలి.
మన చెడ్డ అందులో కలవకూడదు."
పదిహేడేళ్ళ నాకది వేదాంతంలా వినపడింది.
ఆయన జీతం కోత గురించి మాట్లాడుతున్నాడని
తర్వాత తెలిసింది.

అన్నిటిలోకీ అధ్వానం థ్రెల్‌ఫాల్ బూట్లది.
మేనల్లుడు అద్దె కెమెరాతో తీశాడు.
కొట్టు ముందు థ్రెల్‌ఫాల్, చేతిలో తొడదాకా వచ్చే రబ్బరు బూటు,
పారిపోయే కోడిని పట్టుకున్నట్టు.
పెదవులు ముందు కదిలేవి, మాట తర్వాత దిగేది:
"సముద్రం మీ కాళ్ళడిగితే ముందు నన్నడగండి.
థ్రెల్‌ఫాల్, లార్డ్ స్ట్రీట్, ఈ హాలుకి రెండు నిమిషాల నడక."
నేను నడిచి చూశాను. ఆరు. ఎదురుగాలైతే తొమ్మిది.

అతుకులు నాసిరకం. వారానికోసారి తెగేది.
గీకు, జిగురు పుయ్యి, నొక్కి పట్టుకో.
తెగినప్పుడల్లా రెండు ఫ్రేములు పోయేవి,
పక్క కన్నాలు చిరిగితే జానెడు.
రెండేళ్ళకి థ్రెల్‌ఫాల్ ఇలా మిగిలాడు:
"సముద్రం మీ... నన్నడ... ఫాల్... రెండు నిమి..."
బూటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గెంతేది.

ఆ ఏడు పడవలు ఐస్‌లాండ్ వైపు పోవడం మానేశాయి.
రేవులో వలలు అరుగుల మీదే ఎండాయి.
బూట్లు ఎవరికి?
మార్చిలో కొట్టు మూసేశాడు,
ప్రకటనకి జూన్ దాకా డబ్బు కట్టి ఉంది.
"పుచ్చుకున్నాం కాబట్టి వెయ్యండి," అంది మేనేజర్ మిసెస్ పిలింగ్.
వేశాం. లేని కొట్టుకి దారి చెప్పాం.

మొదట కుర్రాళ్ళు మిఠాయి కాగితాలు విసిరారు.
తర్వాత ఎవరో, బహుశా చేపల వేలంలో గొంతు పోయినవాడు,
తెగిన మాటని పూరించాడు.
ఇంకో వారానికి ఒక వరుస. తర్వాత బాల్కనీ.
"కాళ్ళడిగితే!" అని ఆడవాళ్ళు,
"గండి!" అని మిగతా హాలు.

మే నెలలో ఒక శనివారం
శబ్దాన్ని చదివే బుల్లి బల్బు చటుక్కున పోయింది.
థ్రెల్‌ఫాల్ మూగగా నోరు తెరిచాడు.
మూడొందల మంది, ఆయన పెదవుల కంటే కాస్త ఆలస్యంగా,
ఎప్పటి ఆలస్యంతోనే,
మొత్తం చెప్పారు. వీధి పేరుతో సహా.
నేను గది కిటికీలోంచి చూస్తూ
మీట మీద చెయ్యి ఉందని మర్చిపోయాను.
వెనక నుంచి మూడో వరుసలో ఒక బట్టతల కదల్లేదు.

విరామంలో ఆయన ఇనుపమెట్లెక్కి వచ్చాడు, కోటు కారుతూ.
"గొంతు వినపళ్ళేదు," అన్నాడు, ఫిర్యాదుగా.
బాంబర్ చేతులు తుడుచుకున్నాడు.
మేనల్లుడి పేరెత్తలేదు, అతుకుల సంగతీ.
"మా పొరపాటే, సార్," అన్నాడు.
"మొదట్నుంచీ మా పొరపాటే."
థ్రెల్‌ఫాల్ తలూపి, కాసేపు మెషీన్ వేడి దగ్గర నిలబడి,
వెళ్ళిపోయాడు.

నేను బాంబర్ వైపు చూశాను.
"ఏంటి చూస్తావ్, తివాచీలు వచ్చే వేళయింది,
నాలుగుకి దించు."

పొగాకు డబ్బాలో ఆ ముక్కలన్నీ దాచాడని
ఆయన పోయాక, అల్మరా తుడుస్తుంటే తెలిసింది.
ఒకటి తీసి బల్బుకి ఎదురుగా పట్టుకున్నాను.
బూటు ఉంది. చెయ్యి ఉంది.
తల పైభాగం మాత్రం లేదు,
మేనల్లుడు అసలు తియ్యనేలేదు.