తటస్థం

ఉలాన్‌బాతర్‌లో డిసెంబరు.
సాయంత్రం కాకముందే దీపాలు.
నాలుగో అంతస్తులో, కిటికీ సందులకు టేపు అంటించుకుని
నొమూందరి జనం మాటలు ఏరుతోంది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

మూడే పెట్టెలు:
అనుకూలం, వ్యతిరేకం, తటస్థం.
రోజుకు పన్నెండు వందల వ్యాఖ్యలు,
మాటకిన్ని తుగ్రిగ్‌లని కూలి.
వసంతంలో నగర ఎన్నికలు.

"భేష్! మా పొగకి ఇప్పుడు రుచి కూడా వచ్చింది."
యంత్రం దీన్ని అనుకూలంలో వేసింది.
భేష్ చూసింది గాని దగ్గు వినలేదు.

"అయ్యగారు నూరేళ్ళు బతకాలి.
ఆ నూరేళ్ళూ మా వీధిలోనే, మా పొయ్యి పక్కనే."
దీవెనా, శాపమా?
ఉప్పు వేసిన పాలటీ రెండు గుక్కలు తాగాక
శాపమని తేల్చింది.

ఒకడు గుర్రం బొమ్మ పెడతాడు, అంతే.
ఏ గుర్రం? పందెంలో గెలిచినదా,
పోయినేటి మంచుకరువులో
నిలబడ్డచోటే చచ్చినదా?

ఒకామెది అందరికీ ఒకటే తిట్టు:
పాలకపక్షానికి, ప్రతిపక్షానికి,
వాతావరణ శాఖకి, పోయిన మొగుడికి.
అది చదివిన రోజు నొమూందరికి
ఎందుకో బాగా ఆకలి వేస్తుంది.

ఇక షగ్దర్‌సురెన్.
"ఎర్రగుట్ట మూడో వీధి నీళ్ళ గది ఎప్పుడు తెరుస్తారు?"
మంత్రి విదేశయాత్ర కింద ఇదే.
కుస్తీ ఫలితాల కింద ఇదే.
కొత్త వంతెన రిబ్బను కింద ఇదే.
తిట్టు లేదు, పొగడ్త లేదు,
చివర ప్రశ్నార్థకం ఒక్కటే, కొక్కెంలా,
ఖాళీ డబ్బా తగిలించడానికి.

నిబంధనల పుస్తకం, పదకొండో పేజీ:
భావోద్వేగం లేని ప్రశ్న తటస్థం.
అందులోనే వేసింది
మూడువందల పన్నెండుసార్లు.

తటమంటే ఒడ్డు.
తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు.
ఏ ఒడ్డున? తూల్ నది రాయిలా గడ్డకట్టి ఉంది.
వాడు నిలబడ్డది తాళం ముందు,
రెండు చక్రాల బండిమీద ఇరవై లీటర్ల డబ్బాతో.
నివేదికలో వాణ్ణీ, వాడిలాంటి నలభైఒక్క శాతాన్నీ
గోడమీది పిల్లుల్లో కలిపేశారు,
"ఇంకా తేల్చుకోని ఓటర్లు" అని.
వాడెప్పుడో తేల్చుకున్నాడు.
నీళ్ళు కావాలని తేల్చుకున్నాడు.

జనవరి రెండోవారం.
తెగ్‌షీ తెరమీద గీత చూపించి మురిసిపోయాడు:
"తటస్థం తగ్గుతోంది. అభిప్రాయం గట్టిపడుతోంది."
ఈ నెలలో ఏది గట్టిపడదు, అనుకుంది నొమూందరి.
ఒక్కడు పోతే గీత కదలదని ఆమెకు తెలుసు.
అయినా వెతికింది.
ఆరో తేదీ నుంచి అతను లేడు.
చివరిది ఒక పెళ్ళిబట్టల ప్రకటన కింద:
"ఎప్పుడు"
అంతే. కొక్కెం కూడా లేదు.

నీళ్ళొచ్చి ఊరుకున్నాడా,
నోరు నొచ్చి ఊరుకున్నాడా?
ఊరుకోవడానికి పెట్టె లేదు.
మౌనం అర్ధాంగీకారమంటారు.
ఆ మిగతా సగం ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఆదివారం బస్సెక్కింది.
గుట్ట ఎక్కేసరికి కనురెప్పలు అతుక్కుపోయాయి.
నీలం రేకు కిటికీ మూసే ఉంది.
గొట్టం మూతినుంచి మనిషి చెయ్యంత మంచు.
ముందు వరసగా డబ్బాలు, మనుషులు లేరు.
తమ వంతుకి వాటిని నిలబెట్టి
పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయారు.
డబ్బా డబ్బామీదా బొగ్గుతో పేరు.
ఒకదానిమీద 'షగ్' వరకు చదవగలిగింది,
మిగతాది మంచు.

అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. ఇరవై ఏడు.
కంచె సందులోంచి ఒక ముసలమ్మ తల పెట్టింది:
"తాళంచెవి నీ దగ్గరుందా?"
"లేదు."
"మరి ఎందుకు లెక్కపెడుతున్నావు?"