వేరే కాలి అలవాటు

కోయంబేడు వంతెన ఎక్కతా ఉంటే
బండి మూడో గేరులో మొండికేసింది.
వెనక ఆరుగురు నర్సులు, నైట్ డ్యూటీ దిగినోళ్ళు,
ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతా ఉన్నారు.
ఎత్తు ఎక్కేదానికి రెండు కావాల,
దిగి పరిగెత్తేదానికి నాలుగు కావాల,
దానికి మాత్రం మూడే.
లారీవాడి హారన్‌కి నా చెవులు చిల్లులు పడినాయి కానీ
పిల్లలు ఒక్కరూ లేవలేదు.

"లింప్ మోడ్ అక్కా," అన్నాడు పుదుపేటలో ఖాదర్‌వలి.
"గేరు పెట్టె గుండ్రాయి మాదిరి ఉంది.
దానికి చెప్పే మాడ్యూల్ పోయింది.
చెప్పేవాళ్ళు లేనప్పుడు
ఇల్లు చేరేంత వరకు కుంటుకుంటా పోతాది బండి.
కంపెనీవాళ్ళు అట్లా నేర్పించి పంపినారు."
కుంటడం గురించి నాకు చెప్తా ఉన్నాడు!
ఎడమ మోకాలు మడవదనే కదా
రెండు చీటీలు పాడి
గాజులు సేటు కొట్లో పెట్టి
క్లచ్చి లేని బండి కొనింది.

కొత్తది అరవై రెండు వేలు, వచ్చేదానికి నెల.
పాతది పదకొండు.
పుదుపేటలో ఏ బండీ పూర్తిగా చావదు.
తలుపులు ఒక సందులో, అద్దాలు ఇంకో సందులో,
స్టీరింగులన్నీ ఒకే తాడుకి ఎండుచేపల మాదిరి.
ఖాదర్‌వలి అట్టపెట్టె తెచ్చినాడు.
లోపల అరచెయ్యంత అల్యూమినియం పలక,
అంచున చీమల బారుగా పిన్నులు.
ఎందుకో వాసన చూసినాను.
"ఇది ఎవరిది?"
"వేలూరు దగ్గర పల్టీ కొట్టిన వ్యానుది."
"డ్రైవరు?"
"మాడ్యూల్‌కి ఏమీ కాలేదు అక్కా."

బ్యాటరీ వైరు పీకి, ట్రే విప్పి,
పచ్చగా చిలుము పట్టినదాన్ని ఊడబెరికినాడు.
నాలుగు బోల్టులు. దానికోసం ఒక పూట.
తిలకవతి వచ్చి ల్యాప్‌టాప్ తగిలించింది.
తెర మీద ఎవరిదో బండి నంబరు.
"దీనికి ఆ కాలు గుర్తుంది అక్కా.
ఎంత నొక్కేది, ఎక్కడ వదిలేది,
అంతా రాసిపెట్టుకోనుంది.
చూడండి, ఎంత మెత్తటి కాలో!
తుడిచేస్తే మీ కాలు నేర్చుకుంటాది."

నాకు అంకెలు తెలియవు.
అయినా వంగి చూసినాను.
నలభై దాటగానే వదిలేసే కాలు.
గుంత ముందరే తెలిసిన కాలు.
అంత మెత్తగా తోలినా పల్టీ కొట్టింది.
ముగ్గురికీ టీ చెప్పినాను.
టీ అయిపోయింది.
"తుడిచెయ్" అన్నాను.
ఒక్క మీట. కిరీక్‌మని కూడా అనలేదు.

"మూడు వందల కిలోమీటర్లు కొంచెం ఎగిరిపడతాది,
ఏమీ అనుకోవద్దు," అని పంపించింది.

పూందమల్లి రోడ్డులో ఎగిరిపడింది నిజమే,
ప్రతి సిగ్నల్ దగ్గరా
కొత్త బడిలో దింపిన పిల్ల మాదిరి.
బిత్తరపోయింది మాత్రం నేను.
పంతొమ్మిదేండ్లుగా తోలతా ఉన్నా,
నా కాలు ఎట్లాంటిదని ఎవరూ చూసింది లేదు.
ఆ మోకాలిని అడిగేవాళ్ళు వందమంది,
పనిచేసే కాలు సంగతి ఎవరికి కావాల?
ఇప్పుడు ఇది రాసుకుంటా ఉంది.
నిన్న అమింజికరై దగ్గర
ఆటోవాడు వేలు కూడా చూపించకుండా అడ్డం తిరిగినాడు.
నోటిదాకా వచ్చింది మింగి
కాలు మెల్లగా ఎత్తినాను.
మాటలు రాసుకోదులే, కాలు ఒక్కటే.
అయినా మింగినాను.

ఈ పొద్దున మళ్ళీ అదే వంతెన.
రెండు ఎప్పుడు మూడైందో
మూడు ఎప్పుడు నాలుగైందో తెలియలేదు.
వెనక సీట్లో జెసింత
కండ్లు తెరవకుండానే అడిగింది,
"అక్కా, ఈరోజు మీరు రాలేదా?
ఎవరు తోలేది?"

"నేనే. పండుకో" అన్నాను.