స్టెప్నీ

మా హీరోకి ఎడమకాలి చెప్పు తొమ్మిదంట,
కుడికాలిది పదంట.
సువార్తమ్మ చెప్పింది,
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో
తేజా కాయల గుట్టకి ఇటు నేను, అటు ఆమె,
తొడిమలు తీస్తా తీస్తా.

ఈ ముక్క నేనేం చేసుకోను?
కిలోకిచ్చే రేటు పెరగదు.
కొబ్బరినూనె రాసినా చేతుల మంట తగ్గదు.
అయినా పొద్దు వాలేదాకా నవ్వుతానే ఉన్నా,
పాపం, ప్రతిసారీ రెండు జతలు కొనాలిగదా,
మిగిలిన ఒంటిచెప్పులు ఏం చేస్తాడో అని.

ఆ విలనుకి బల్లంటే భయమంట.
ఆ హీరోయిను పెరుగన్నంలో పంచదార కలుపుకుంటదంట.
ఆధార్ నంబరడిగితే కొంగు తడుముకుంటా,
ఆమె పిల్లి పేరు మాత్రం
నిద్దట్లో లేపి అడిగినా చెబుతా.
బుజ్జిలక్ష్మి.

ఒకరోజు ఘాటుకి తుమ్మి తుమ్మి
ఏమీ తోచక నేనే ఒకటి పుట్టించా.
ఆ కమెడియన్ ఉన్నాడే,
కారెక్కేముందు టైరుకి దణ్ణం పెట్టుకుంటాడని.
సువార్తమ్మ తలూపింది, కాయ తుంచింది.
అంతే.

ఇరవై రోజులకి
చుట్టుగుంట సెంటర్లో షేరాటో ఎక్కితే
డ్రైవర్ జానీబాషా అద్దంలోంచి నన్ను చూసి
"తెలుసా అక్కా" అన్నాడు,
"నాలుగు టైర్లకీ పెడతాడంట,
డిక్కీ తీసి స్టెప్నీకి కూడా!"

స్టెప్నీ నేను చెప్పలేదు.
ఎవరు తగిలించారో మహానుభావులు,
ఏ టీకొట్టు దగ్గర, ఏ కాటా పక్కన.
"అవునా!" అన్నా, కళ్ళు పెద్దవి చేసి.
పది రూపాయలిచ్చి దిగా.

రేపు పొద్దున్నే
సువార్తమ్మకి చెప్పాలి.