తట్ట లేని నడక

కాశిమేడు ఆస్పత్రిలో నర్సు ఎళిలరసి
నా జబ్బకు నల్లపట్టీ చుట్టి
బుస్సు బుస్సుమని గాలి కొట్టింది.
పైన నూట డెబ్భై ఆరు, కింద నూట నాలుగు.
అంత పెద్ద నంబరు బస్సు
నేనెప్పుడూ ఎక్కలేదు.

"ఏం పని చేస్తావక్కా?"
ఎండుచేపలు, అన్నాను.
రాస్తున్న పెన్ను ఆగింది.
నవ్వు ఆపుకుందని తెలిసిపోయింది.

పాతికేళ్ళుగా
సొరకి ఇంత, వంజరానికి ఇంత అని
గుప్పిటతోనే ఉప్పు కొలిచాను.
ఒక్క చేప కుళ్ళలేదు, ఒక్క బేరం చెడలేదు.
నా కంచం దగ్గరికొచ్చేసరికే కొలత లేదు:
గంజిలో ఉప్పు, నంజుకోను ఆవకాయ,
పైన అప్పడం,
మిగిలిపోయిన కరువాడు పులుసు.

ఉప్పూ కారం తినే ఒళ్ళు కదే,
రోసం ఉండొద్దా? అనేది మా అమ్మ.
ఉంది, దండిగా ఉంది.
కల్మండపం బజారులో ఒకడి మీదకి
తూకం రాయి విసిరినదాన్ని.
ఆ రోషమంతా ఎక్కడికీ పోలేదట,
నరాల్లో కూర్చుని తలుపు బాదుతోందట.

రోజూ అరగంట నడవమంది ఎళిలరసి.
నాకు నవ్వొచ్చింది.
తల్లీ, కొరుక్కుపేట దాకా నడిచీ నడిచీ
అరిగిపోయిన కాళ్ళివి.
"అది బరువుతో నడక అక్కా.
ఉత్త చేతుల్తో నడువు."

మర్నాడు తెల్లారగట్ల
సముద్రం రాళ్ళకట్ట వెంబడి బయల్దేరాను.
తల మీద తట్ట లేదు, చుట్టకుదురు లేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు,
పెళ్ళిచూపుల్లో పిల్లకి మల్లే.
రెండుసార్లు కుడిచెయ్యి పైకి లేచింది
లేని తట్టని పట్టుకోవడానికి.
పడవలు వస్తున్నాయి.
అవెప్పుడూ ఇలా వస్తాయని
తలెత్తి చూస్తేగా తెలిసేది.

మొదటి పది రోజులూ
అన్నం తడిసిన కాగితం.
మొగుడు సింహాద్రి
గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు,
ఆవకాయ వాసన నాకు తగలకూడదని.
ముప్ఫయ్యేళ్ళ కాపురంలో
ఇంతకు మించిన సరసం నేనెరగను.

పన్నెండో రాత్రి, ఒప్పుకుంటాను,
చీకట్లో లేచి అప్పడం కాల్చుకున్నాను.
విరిచిన చప్పుడికి
వాళ్ళూ వీళ్ళూ లేస్తారని
నోట్లో నానబెట్టుకుని తిన్నాను.
తెల్లారి ఇంకో వీధి ఎక్కువ నడిచాను,
వడ్డీ కట్టినట్టు.

తర్వాత ఏ వారమో గుర్తులేదు,
సొరకాయ తియ్యగా తగిలింది.
సొరచేప అమ్ముకు బతికినదాన్ని,
సొరకాయకి రుచి ఉంటుందని
యాభై మూడో ఏట తెలిసింది.
ఇన్నాళ్ళూ ఉప్పే మాట్లాడింది,
దాన్ని నోరెత్తనివ్వలేదు.

మొన్న కమిషన్ కాసిలింగం
పద్దులో నాలుగొందలు ఎక్కువ రాశాడు.
ఉప్పు తగ్గింది కదా,
రోషం కూడా పోయిందేమోనని
ఒక్క క్షణం భయపడ్డాను.
పోలేదు.
గొంతు పెంచకుండా
లెక్క మళ్ళీ చదవమన్నాను.
మళ్ళీ. ఇంకోసారి.
మూడోసారికి వాడికే చెమట పట్టింది.

మధ్యాహ్నం చాప మీద
చీల్చిన వంజరాలకి ఉప్పు పట్టిస్తూ అనుకున్నాను:
ప్రాణం పోయినదానికి కావాలి ఇది,
చెడిపోకుండా.
నేనింకా ఆడుతున్నాను కదా.

ఈ నెల నూట నలభై, కింద తొంభై.
ఇంకా దిగాలి, మాత్ర మాత్రం మానకు, అంది.
సరేనన్నాను.
వెళ్తూ వెళ్తూ ఆమె చేతిలో
అరకిలో నెత్తళ్ళ పొట్లం పెట్టాను.
ఉప్పు వెయ్యనివి,
ఉత్త ఎండకే ఎండినవి.